గంగమ్మ, లైఫ్‌జాకెట్టు

ఒడిశాలోని గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున, చేపలు పట్టే మావాళ్లలో కొందరికి ఓ వాదన ఉంది. లైఫ్‌జాకెట్టు తొడిగితే గంగమ్మ తల్లి మీద నమ్మకం లేనట్టేనట. మొన్న మా బావా అదే పాట. పడవ ముందు భాగానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరతాడు, జాకెట్టు మాత్రం తలకింద దిండు!

పక్కనే వల బాగుచేస్తున్న మా అత్త తలెత్తకుండానే అంది: "మరి వల చిరిగితే ఎందుకు కుడతావురా? చేపలు అమ్మే ఇస్తాది కదా."

నాకు 2013 గుర్తొచ్చింది. సరిగ్గా దసరా రోజుల్లో, అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడే తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. పండగపూట అమ్మవారిని వదిలి ఎలా వస్తామని ముసలాళ్లు మొండికేశారు. ఆఖరికి పటాలు సంచుల్లో పెట్టుకుని మరీ షెల్టరుకి నడిచారు. రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించారు. 1999 తుపానులో వేలమంది పోయారు, ఈసారి లెక్క పదుల్లో ఆగింది. అమ్మే కాపాడిందన్నవాళ్లున్నారు, ముందస్తు హెచ్చరికలే కాపాడాయన్నవాళ్లున్నారు. రెండూ ఒకే నోటితో అన్నవాళ్లే ఎక్కువ, నాతో సహా.

బావ ఇప్పుడు మాట మార్చాడు. జాకెట్టు వేస్తే ఉక్కపోస్తుందట, వల లాగడానికి చేతులాడవట. అది ఒప్పుకుంటాను, ఎండలో అది నరకమే. ఆ ముక్కేదో ముందే చెప్పొచ్చుగా, మధ్యలో అమ్మవారినెందుకు లాగడం!