రేవు ఈ నెల ఎక్కడుంది?

అస్సాంలోని నిమాతి రేవులో ఎక్కిన ఫెర్రీ గంట తర్వాత మమ్మల్ని ఒక ఇసుక తిన్నె మీద దింపి, మాజులీ వచ్చేసిందంది. కనుచూపు మేరలో ఊరు గానీ చెట్టు గానీ లేవు. వెదురు తడికల టీ కొట్టు ఒకటి, దాని వెనుక వరుసగా నిలిచిన వ్యాన్లు మాత్రం ఉన్నాయి. దీవిలోని గరమూర్ ఊరి దాకా తీసుకుపోవడానికి వ్యాను డ్రైవరు ఏడు వందలు అడిగాడు. నదిని దాటించిన ఫెర్రీ టిక్కెట్టు ఒక టీ, రెండు సమోసాల ఖరీదు దాటదు. కిందటి ఏడాది కార్తికంలో ఇదే దారికి నాలుగు వందలే ఇచ్చానని నేను వాదనకు దిగితే, "అప్పుడు రేవు అక్కడుంది, ఇప్పుడు ఇక్కడుంది" అని అతడు గాలిలో రెండు చోట్లు చూపించి వేరే బేరానికి వెళ్లిపోయాడు. మా ఆవిడ సూట్‌కేసు చక్రాలు అప్పటికే ఇసుకలో కూరుకుపోయాయి.

నేను సఖినేటిపల్లి రేవు పక్కన పెరిగినవాణ్ణి. నరసాపురం వెళ్లాలంటే పంటు ఎక్కడమే మాకు తెలిసిన దారి. గోదావరి పొంగినా తగ్గినా పంటు వచ్చి ఆగే చోటు అదేనన్నది చిన్నప్పటి నుంచి నాకున్న ధీమా. బ్రహ్మపుత్ర మధ్యలో ఉన్న ఈ దీవిని 2016లో జిల్లాగా ప్రకటించారని, దేశంలో ఇదే మొదటి ద్వీప జిల్లా అని చదివినప్పుడు, మా కోనసీమకు అన్నగారు అనుకున్నానే తప్ప, రేవే ఊళ్లు మారుతూ తిరిగే చోటని ఊహించలేదు. అందుకే ఒకసారి చూసి వచ్చేద్దామనుకున్న చోటికి పదిహేను నెలల్లో మూడు సార్లు వెళ్లవలసి వచ్చింది.

మొదటిసారి వెళ్లింది కృష్ణుడి రాసలీలలు ఆడే రాస ఉత్సవాలకు. కార్తిక పున్నమి రోజుల్లో గది దొరకడం గగనమని ఎవరూ ముందుగా చెప్పలేదు. "స్థానికుల్లా జీవించండి" అని బోర్డు పెట్టిన ఒక బసలో రాత్రికి రెండున్నర వేలు తీసుకుని, వెదురు మంచం మీద పలుచని రగ్గు ఇచ్చారు. స్థానికులు ఆ చలిలో రెండు రగ్గులు కప్పుకుంటారని మరునాడు తెలిసింది. అయితే ఆ రాత్రి ప్రార్థన మందిరమైన కీర్తన్‌ఘర్‌లో నేల మీద కూర్చుని చూసిన ఆట ముందు ఆ కోపం నిలవలేదు. మీసాలు కూడా సరిగా రాని సత్రం కుర్రవాడు గోపికగా వచ్చి చూపు వాల్చినప్పుడు, మా నాన్నగారు పదే పదే చెప్పిన కూచిపూడి భాగవతుల సత్యభామ గుర్తుకొచ్చింది. అక్కడి వైష్ణవ మఠాలను సత్రాలంటారు. మన సత్రంలో అన్నం పెట్టి పడక చూపిస్తారు; ఉత్తర కమలాబారి, ఔనియాటి వంటి చోట్ల పసితనంలోనే చేరిన పిల్లలు బ్రహ్మచారులుగా పెరుగుతూ నామకీర్తన, మృదంగం వంటి ఖోల్, నాట్యం నేర్చుకుంటారు. ఈ సత్రియ నృత్యానికి సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ హోదా ఇచ్చింది 2000లోనే గాని, అస్సామీ వైష్ణవ గురువు శంకరదేవుడు నాటకాలు రాసి ఆడించడం 15, 16 శతాబ్దాల నాటి మాట. సామగురి సత్రంలో ముసుగులు చేస్తున్నవారి దగ్గర ఒక పూటంతా కూర్చున్నాము: వెదురు బద్దలతో చట్రం అల్లి, కుమ్మరి మట్టిలో తడిపిన గుడ్డను దానికి చుట్టి, పైన పేడ కలిపిన మట్టి మెత్తి, ఎండాక రంగులు వేస్తారు. దవడ కదిలే ముసుగును మా ఆవిడ తన ముఖానికి పెట్టుకుని నన్ను పలకరించింది. ముప్పై ఏళ్ల కాపురంలో అంత భయం నాకెప్పుడూ కలగలేదు.

రెండోసారి జూలైలో, చూసిన వారందరూ వద్దని చెప్పిన నెలలో, వెళ్లాము. నదికి అవతలి ఒడ్డన్నది కనబడలేదు. ఎర్రనీటి గోదావరిని చూసిన కళ్లకు కూడా ఆ వెడల్పు గుండె జారేలా ఉంది. 2021 సెప్టెంబరులో ఇక్కడే రెండు పడవలు ఢీకొన్న తర్వాత ఒంటి ఇంజను ప్రైవేటు పడవలను ఆపేశారు. లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు గాని, మోటారు సైకిళ్లకూ మేకలకూ మధ్య నిలబడ్డ నాకు దాన్ని బిగించుకునే జాగా లేదు. పడవ ముందు ఒడ్డు వెంబడి చాలాసేపు ఎగువకు పాకి, ఆ తర్వాత నదిని ఏటవాలుగా కోసుకుంటూ వెళ్లింది. వేళ్లతో సహా కొట్టుకువస్తున్న ఒక చెట్టు పక్కనుంచి పోతుంటే, ఒళ్లో బాతుల బుట్ట పెట్టుకున్న ముసలావిడ తన తమూల్ పొట్లం విప్పి, వక్కా ఆకూ నా చేతిలో పెట్టింది. భాష లేదు, భయపడకు అన్నదని అర్థమైంది. పచ్చి వక్క నమిలేసరికి చెవులు వేడెక్కి, చెట్టు సంగతి మరిచిపోయాను. దిగితే రేవు గట్టు పక్కనే ఉంది. వ్యాను మూడు వందలు.

ఆ విడత మిసింగ్ తెగకు చెందిన ఒక కుటుంబం ఇంట్లో దిగాము. స్తంభాల మీద కట్టిన వెదురిల్లు, ఎక్కడానికి గంట్లు కొట్టిన నిచ్చెన దూలం. వేసవిలో పందులు, మగ్గం ఉండే కింది జాగాలో అప్పుడు పడవ కట్టేసి ఉంది. 1986 ఆగస్టులో గోదావరి వరద మా ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం బస్తాలు, చంటిపిల్లలతో మేమంతా ఏటిగట్టెక్కి కూర్చున్న రోజులను ఇంటాయనకు నా హిందీలో చెబితే, "నీళ్లు తగ్గాక మీ ఇల్లు అక్కడే ఉందా?" అని అడిగాడు. ఉంది, గోడ ఒకటి కూలింది అన్నాను. ఆయన తన యాభై ఏళ్లలో మూడు సార్లు ఇల్లు విప్పి వేరేచోట కట్టుకున్నాడట; మొదటి ఇల్లున్న చోటును చూపించమంటే నది మధ్యలోకి చెయ్యి చాపాడు. 1950 నాటి పెను భూకంపం తర్వాత నది అడుగు మేటవేసి కోత పెరిగిందని, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడి ఉండిన దీవిలో ఇప్పుడు సగమే మిగిలిందని అక్కడ అందరూ చెప్పే లెక్క. శంకరదేవుడు, ఆయన శిష్యుడు మాధవదేవుడు తొలిసారి కలుసుకున్న స్థలం కూడా నదిలోకే పోయింది. మా లంకల్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే ఏట్లోకి వాలిపోవడం చూసినవాణ్ణి గనుక, ఆ లెక్క నాకు వింతగా తోచలేదు. ఆయన దాన్ని బజారు ధరలు చెప్పినట్టు చెప్పడమే నన్ను కలవరపెట్టింది.

ఈ ఫిబ్రవరి ప్రయాణం ఆయన పిలుపు మీదనే. ఫాల్గుణంలో మొదటి బుధవారం వారికి అలి-ఆయ్-లిగాంగ్, విత్తనాలు చల్లే పండుగ. ఆకుల్లో చుట్టి ఉడికించిన అన్నం పొట్లాలను చూడగానే మా ఆవిడకు అంబాజీపేట పొట్టిక్కలు గుర్తుకొచ్చి, పనసాకు లేని లోటు గురించి ఒక గంట చెప్పింది. బూడిద కలిపి చేసిన బియ్యపు కల్లు, అపొంగ్, నాకు రెండో గ్లాసుకు నచ్చింది. ఏడు వందల వ్యాను సంగతి ఎత్తితే ఇంటాయన నవ్వి, చలికాలమంతా నది దూరంగా జరిగిపోయి మధ్యలో ఇసుక మిగులుతుందని, తామూ తిట్టుకుంటూనే పోతామని అన్నాడు. అవతలి ఒడ్డు పట్నం జొర్హాట్ వైపు వంతెనకు 2021లోనే శంకుస్థాపన జరిగింది కదా అని అడిగాను. "అవును, జరిగింది" అని గ్లాసు నింపాడు.

బయలుదేరేటప్పుడు, మళ్లీ వస్తే ఎలా రావాలో గుర్తులు రాసివ్వమని కాగితం ఇచ్చాను. ఆయన రాయలేదు. ఫోను చేయండి, రేవెక్కడుందో, అప్పటికి ఇల్లెక్కడుందో చెబుతానని నవ్వాడు. వాళ్లమ్మగారు మాత్రం నవ్వకుండా, దారిలో నమలడానికని తమూల్ పొట్లం ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టింది.