చేతి వణుకుకు గామా నైఫ్: నా అనుభవం

నాది ఎసెన్షియల్ ట్రెమర్, అంటే పని చేసేటప్పుడు చెయ్యి వణికే జబ్బు. దానికి గామా నైఫ్ చేయించుకున్నాను. పేరులో కత్తి ఉన్నా, పుర్రె తెరవకుండా బయటి నుంచే మెదడులో ఒక చోటికి రేడియేషన్ ఇచ్చే చికిత్స ఇది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంటే కదలదు, గ్లాసు ఎత్తితే నీళ్లు తొణుకుతాయి. పార్కిన్సన్స్‌లో ఊరికే పెట్టుకున్న చెయ్యే ఎక్కువగా వణుకుతుంది. తిరుపతిలో న్యూరాలజీ డాక్టరుగారు ముందు థైరాయిడ్ పరీక్ష రాసి, నేను వాడే మాత్రలన్నీ చూశారు. ఉబ్బసం ఇన్‌హేలరు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటివి కూడా వణుకు తెప్పిస్తాయి. ఆ తర్వాతే వణుకు తగ్గించే మందులు ప్రొప్రనలాల్, ప్రిమిడోన్. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రొప్రనలాల్ పడదు, వాడేవాళ్లు ఒక్కసారిగా మానకూడదు. ఈ రెండూ సరైన మోతాదులో వాడి చూడకుండా రేడియేషన్ దాకా పోవద్దు.

మెదడులో తీగ పెట్టే డీబీఎస్‌కు పుర్రెలో రంధ్రం చెయ్యాలి. రక్తం పలచబడే మాత్రలు ఆపలేని నాలాంటివాళ్లకు అది కష్టం. అందుకే గామా నైఫ్ కోసం చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లాను. ముందురోజే చేరుకోండి, తల కదలకుండా పట్టి ఉంచే ఫ్రేమ్ పొద్దున్నే బిగిస్తారు. రాత్రి తలస్నానం చేసి నూనె రాయకుండా ఉండాలి. గుండు అక్కర్లేదు. పేస్‌మేకర్ ఉంటే ఎం.ఆర్.ఐ. గురించి మొదటి రోజే అడగాలి.

నుదుటి మీద రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పిన్నులతో ఫ్రేమ్ తలకు బిగుస్తుంది. నొప్పి మత్తుసూదిదే, పిన్నులది కాదు. తర్వాత కాసేపు కణతల్లో గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. ఫ్రేమ్‌తోనే ఎం.ఆర్.ఐ. తీస్తారు. కొలతలన్నీ ఆ ఫ్రేమ్ నుంచే కాబట్టి అది ఏమాత్రం కదిలినా స్కాన్ మళ్లీ మొదలుపెట్టాలి.

అసలు పని ఇక్కడే. మెదడు లోతున ఉండే థలామస్‌లో, కిరణాలు తగలాల్సిన విమ్ అనే చిన్న భాగం మామూలు స్కాన్‌లో విడిగా కనిపించదు. చుట్టుపక్కల గుర్తుల నుంచి కొలిచి దాని చోటు లెక్కగడతారు. డీబీఎస్‌లోలాగా కరెంటు పెట్టి వణుకు ఆగిందో లేదో చూసుకునే అవకాశం ఇందులో లేదు. పక్కనే కాళ్లూ చేతులూ కదిలించే నరాల దారి ఉంది. అందుకే ప్లానింగ్‌కు గంటలు పట్టినా విసుక్కోకండి. ఒకే చోటికి, 4 మి.మీ. కిరణాలతో, సాధారణంగా 130 నుంచి 150 గ్రే (రేడియేషన్ కొలత) మధ్య మోతాదు ఇస్తారు. కొత్తరకం యంత్రంలో ఆ కిరణాలు వెలువరించే 192 కోబాల్ట్-60 మూలాలుంటాయి. ఆ కోబాల్ట్ శక్తి సుమారు 5.3 ఏళ్లకు సగమవుతుంది, కాబట్టి మూలాలు పాతబడేకొద్దీ బల్లమీద ఎక్కువసేపు ఉండాలి. లోపల వేడీ లేదు, నొప్పీ లేదు. మెలకువగానే ఉంటాం, మైకులో మాట్లాడొచ్చు.

ఫ్రేమ్ తీశాక పిన్నుల దగ్గర కాస్త రక్తం వస్తుంది. కనురెప్పలు ఉబ్బినా నాలుగు రోజుల్లో తగ్గుతాయి. చెయ్యి మాత్రం వెళ్లినప్పటిలాగే వణుకుతూ తిరిగివచ్చింది! ఇది చాలామందికి ముందే తెలియక, చికిత్స పనిచెయ్యలేదని మందులు మానేస్తారు. కణాలు మెల్లగా దెబ్బతింటాయి కాబట్టి ఫలితం నెలల మీద వస్తుంది, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది. ప్రతి ఆదివారం ఒకే పెన్నుతో ఒక సుడి గీసి తేదీ వెయ్యండి. డాక్టరుకు మాటలకన్నా ఆ కాగితాలే ఎక్కువ చెబుతాయి. నాకు నాలుగో నెలలో గీతలు నున్నగా మారాయి.

దుష్ఫలితాలు కూడా ఆలస్యంగానే వస్తాయి: పెదవి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, నడకలో తూలడం, మాట తడబడటం, చెయ్యి పట్టు తప్పడం. కిరణాలతో మెదడులో చేసిన గాయం అనుకున్నదానికన్నా పెద్దదైతే, చుట్టూ వాపు వస్తే ఇలా అవుతుంది. ఆరో నెలలో కనిపించినా వయసు అనుకోకుండా వెంటనే చూపించాలి. స్టెరాయిడ్‌తో వాపు తగ్గించే వీలుంది.

ఎడమవైపు థలామస్‌కు చేస్తే కుడిచేతికే ఫలితం. రెండువైపులా చేస్తే మాటకూ నడకకూ ముప్పు పెరుగుతుంది కాబట్టి, నా ఎడమచెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. దానికి ప్రొప్రనలాల్ నడుస్తోంది. బ్యాంకులో మాత్రం కొత్త సంతకం నమూనా ఇచ్చి వచ్చాను.