నాన్న చిట్టా, నా గాజుల లెక్క

2024 జూలైలో రెండు ఆదివారాలు, నా గాజుల అమ్మకం ఎంతో తేల్చడానికి నేనూ మా ఆయనా బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని కూర్చున్నాం. అందులో నా స్కూలు జీతం ఉంది, పాలవాడికి చేసిన ఫోన్‌పే ఉంది, చిట్టీ డబ్బులున్నాయి, మా చెల్లి తిరిగిచ్చిన చేబదులు ఉంది. వీటన్నిటి మధ్య ఎక్కడెక్కడో నేను అమ్మిన పట్టుదారం గాజుల డబ్బులున్నాయి. ఫలానా తేదీన 350 వేసిందెవరు? గాజులకా, పిల్లల పిక్నిక్‌కా? నాలుగు వందలకు పైగా ఉన్నాయి అలాంటివి. రెండో ఆదివారం సాయంత్రానికి తలనొప్పి తప్ప కచ్చితమైన మొత్తం తేలలేదు.

మాది మల్కాజిగిరి. పొద్దున స్కూల్లో లెక్కలు చెప్తాను, సాయంత్రం గాజులకు దారం చుడతాను. శ్రావణమాసంలో వాయనాలకు, బతుకమ్మకు, సీమంతాలకు ఆర్డర్లు బాగా వస్తాయి. అయినా దీన్ని వ్యాపారం అని ఎప్పుడూ అనుకోలేదు. ఖాళీ టైములో చేసే పని అనుకున్నాను, అందుకే లెక్క రాయలేదు.

సూర్యాపేటలో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. రాత్రి షట్టరు దించాక, అన్నానికి లేవకముందే ఎర్రగుడ్డ అట్ట చిట్టా తెరిచేవాడు. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. తర్వాత అందులోంచి ఒక్కొక్కరి పేరు మీదికి ఆవర్జాలో (ఖాతాల పుస్తకంలో) ఎక్కించేవాడు. నేను ఫోన్ చేసి నా స్టేట్‌మెంటు గొడవంతా చెప్తే ఒక్కటే అన్నాడు: "బిడ్డా, ఏ దినం పద్దు ఆ దినమే రాయాలె. తెల్లారితే యాదికుండదు."

ఆగస్టు ఒకటి నుంచి మొదలుపెట్టాను. ముందు చేసిన పని, గాజులకని వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి దానికే క్యూఆర్ కోడ్ తీసుకోవడం. సరుకు కొన్నా అందులోంచే, అమ్మినా అందులోకే. స్టాల్ దగ్గర వచ్చే నగదుకు ఒక స్టీలు డబ్బా. నాకు ఇంటి ఖర్చుకు డబ్బు కావాలంటే ఆ ఖాతాలోంచి నా జీతం ఖాతాకు మార్చుకుని, 'సొంతానికి' అని రాస్తాను. మా ఆడపడుచుకు ఊరికే ఇచ్చిన జతను కూడా 'సొంత వాడకం' కిందే రాస్తాను. ఏప్రిల్ నుంచి జూలై దాకా జరిగినవి మాత్రం స్టేట్‌మెంటు చూసి, గుర్తు తెచ్చుకుని ఎక్కించాం. నాలుగు నెలల లెక్కకు పట్టినంత టైము మిగతా ఎనిమిది నెలల లెక్కకు పట్టలేదు.

పుస్తకంలో నాకు ఎక్కువ నేర్పింది ఖర్చు వైపు పేజీ. నెలన్నర రాశాక ఒక రాత్రి పన్నెండు గాజుల సెట్టుకు ఎంత పడుతుందో విడదీసి చూశాను. కింద వేసే ప్లాస్టిక్ గాజులు 30, పట్టుదారం 45, కుందన్లూ బాల్‌చైనూ 55, జిగురు 10, డబ్బా 25. మొత్తం 165. అమ్మేది 350కి. సగానికి పైగా మిగులుతుందనే ఇన్నాళ్ళూ నా ధీమా. కానీ సిటీలో ఎక్కడికైనా డెలివరీ ఫ్రీ అని కొనేవాళ్ళకు చెప్పి ఉన్నాను, బైక్ మీద పంపితే సగటున 60 అవుతోంది. మిగిలేది 125. ఒక సెట్టుకు నాలుగు గంటలు పడుతుంది. అంటే గంటకు 31 రూపాయలు.

ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కళ్ళు మండేదాకా, వేళ్ళకు జిగురు ఎండిపోయేదాకా చేసిన పనికి అదీ కూలి. నా పనికి నేనే అంత తక్కువ ధర కట్టానని అప్పటిదాకా నాకు తెలియదు. మర్నాడు రేటు 480 చేశాను, డెలివరీ కొనేవాళ్ళదే అని స్టేటస్ పెట్టాను. నలుగురైదుగురు మానేశారు. మిగతావాళ్ళు ఇప్పటికీ కొంటున్నారు. గాజులో బొట్టుబిళ్ళలో మట్టి నగలో అమ్ముకునే అక్కచెల్లెళ్ళందరికీ నేను మొదట చెప్పేది ఇదే: పన్ను సంగతి తర్వాత, ముందు మీ ఒక్క వస్తువుకు ఎంత పడుతుందో మీ గంటలతో సహా కాగితం మీద పెట్టండి.

బిల్లుల విషయం. నేను సరుకు కొనే బేగంబజార్‌లో చాలాచోట్ల చిన్న కచ్చా చిట్టీ రాసి ఇస్తారు. అడిగితే పక్కా బిల్లు ఇచ్చే కొట్లూ ఉన్నాయి, అడగాలి. మిషన్ బిల్లుల మీద అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది, అందుకని బస్సులో కూర్చోగానే ఫొటో తీస్తాను. నెలకో కవరు, దాని మీద నెల పేరు. అంతకన్నా పెద్ద ఏర్పాటేమీ అవసరం పడలేదు.

బాకీలకు ఒక పేజీ వేరే. స్కూల్లో టీచర్లు "జీతం రాగానే ఇస్తా మేడమ్" అని తీసుకెళ్ళినవన్నీ కలిపితే 6,350 అయింది. మొహమాటంతో ఎవరినీ అడగలేకపోయేదాన్ని. తేదీతో సహా రాసుండేసరికి అడగడం తేలికైంది. మా హిందీ టీచర్‌కు పేజీ చూపిస్తే, "అయ్యో, దసరావి కూడా ఉన్నాయా మేడమ్, పూర్తిగా మర్చిపోయాను" అని అక్కడే పంపించారు. ఆవిడ నిజంగానే మర్చిపోయారు. అడగకుండా లోలోపల బాధపడింది నేనే.

2025 మార్చి 31న రంజాన్ సెలవు. ముందురోజే ఉగాది. పచ్చడి గిన్నెలు కడిగాక మంచం మీద దుప్పటి పరిచి సరుకంతా పోశాను. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజున మిగిలిన సరుకు విలువ తెలియకపోతే లాభం తేలదు. ఏడాది మొదట్లో ఉన్న నిల్వకు కొన్న సరుకు కలిపి, ఆఖరు నిల్వ తీసేస్తేనే ఆ ఏడాది వాడిన సరుకు ఎంతో వస్తుంది. దారం రీళ్ళు రంగులవారీగా లెక్కపెట్టాం, కుందన్లను తూకం వేశాం. నెమలికంఠం రంగు రీళ్ళు నాలుగు పూర్తిగా వదిలేసినట్టు పడున్నాయి. మళ్ళీ అదే రంగు కొనకుండా ఆ రోజే ఆపగలిగాను.

ఇక పన్ను. మొదటి ఏడాది ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గరికి వెళితే, "జీతం ఒక్కటే చూపిద్దాం మేడమ్, ఈ చిల్లర ఎందుకు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆడిట్ ఆఫీసులో పనిచేసే మా పిన్ని కొడుకును అడిగాను. "అక్కా, వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-1 రిటర్ను ఫారం వేయకూడదు. నీలాంటివాళ్ళకు ఐటీఆర్-4 ఉంది" అన్నాడు. వాడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. 2024-25కి వర్తించిన ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 44ఏడీ ప్రకారం చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొంత శాతాన్ని లాభంగా చూపించవచ్చు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదానిలో కనీసం 6 శాతం, నగదులో కనీసం 8 శాతం. ఇలా చూపిస్తే ఖాతా పుస్తకాలు రాసి తీరాలని చట్టం అడగదు.

2024-25లో నా అమ్మకాలు 1,46,400. అందులో యూపీఐ 1,24,000, నగదు 22,400. ఆ శాతాల ప్రకారం 7,440కి 1,792 కలిపితే 9,232 అవుతుంది. కానీ స్టాల్ అద్దెలు, బేగంబజార్ ప్రయాణాలు అన్నీ పోను నా పుస్తకంలో మిగిలింది 58,300. చాలామంది 6 శాతం చూపిస్తే చాలు అంటారు. అది కనీసపు గీత మాత్రమే, అంతకన్నా ఎక్కువ సంపాదించినప్పుడు ఆ ఎక్కువే చూపించాలి. 58,300 అనే రాశాను. జీతం 3,36,000లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళకు నేరుగా తగ్గించే మొత్తం) 75,000 పోను, గాజుల లాభం కలిపితే 3,19,300. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాదికి 7 లక్షల దాకా ఆదాయానికి రిబేటు (పన్ను మాఫీ) ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. (2025-26కి ఆ రిబేటు పరిమితి 12 లక్షలైంది.) దాచిపెట్టి ఏళ్ళ తరబడి టెన్షన్ పడేకన్నా నాకు ఇదే హాయిగా ఉంది. పైగా బ్యాంకు లోను అడగాల్సి వస్తే చూపించడానికి నా చేతిపని పేరుతో ఆదాయం ఉంది.

జీఎస్టీ దగ్గర ఒక పొరపాటు తృటిలో తప్పింది. విజయవాడలో ఉండే మా పిన్ని, "వస్తువులకు ఏడాది అమ్మకాలు 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదటే, ఇక్కడ అందరూ అదే అంటున్నారు" అని ధైర్యం చెప్పి 40 సెట్లకు ఆర్డరు తెచ్చింది. ఆ 40 లక్షలు ఆంధ్రాకు నిజమే. తెలంగాణలో వస్తువులకు కూడా పరిమితి 20 లక్షలే. నేను దానికి ఎంతో దూరంలో ఉన్నాను. అయితే అసలు చిక్కు వేరే ఉంది: వేరే రాష్ట్రానికి వస్తువు అమ్మితే ఆ పరిమితితో సంబంధం లేకుండా రిజిస్ట్రేషన్ కావాలి. ప్రభుత్వం నోటిఫై చేసిన చేతివృత్తుల వస్తువులకు షరతులతో మినహాయింపు ఉంది, కానీ మన వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. అదంతా తేలేదాకా వద్దని ఆ ఆర్డరు వదులుకున్నాను. పిన్నికి మాత్రం రెండు సెట్లు డబ్బు తీసుకోకుండా పంపాను. ఆన్‌లైన్ సైట్లలో అమ్మాలన్నా 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ళకు వీలుంది. ముందు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, సొంత రాష్ట్రం లోపలే అమ్మాలి.

ఇంకొకటి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) చేయిస్తానని ఒక ఏజెంటు 1,500 అడిగాడు. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం. ఆధార్, పాన్ దగ్గర పెట్టుకుని మా ఆయన ఒక్క సాయంత్రంలో పూర్తి చేశాడు.

ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఒక బొటీక్ వాళ్ళు నెలకు 30 సెట్లు అడుగుతున్నారు, జీఎస్టీ బిల్లు కావాలట. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో జీఎస్టీ వేయకూడదు. తీసుకుంటే, అమ్మకాలు లేని నెలల్లో కూడా రిటర్నులు వేస్తూ ఉండాలి. ముప్పై సెట్లంటే 120 గంటలు, స్కూలు పరీక్షల నెలలో అది నా వల్ల కాదు. పక్క వాటాలో ఉండే ఆంటీ దారం చుట్టడం నేర్చుకుంటానంటున్నారు. ఆవిడకు గంటకు ఎంత ఇస్తే ఇద్దరికీ న్యాయంగా ఉంటుందో పుస్తకం వెనక పేజీలో లెక్క వేస్తున్నాను. 31 రూపాయలు మాత్రం ఇవ్వను.