కడప నుంచి లక్షద్వీప్‌కు అమ్మతో ఓడ ప్రయాణం

లక్షద్వీప్ వెళ్లాలంటే టికెట్ ఒక్కటే చాలదు, ప్రవేశ అనుమతి కావాలి. అక్కడ 36 దీవులుంటే జనం ఉండేది పదింటిలోనే. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న చోటికి అందరూ ఒక్కసారిగా వచ్చి పడితే పగడాలూ మిగలవు, తాగే నీళ్లూ మిగలవు. అందుకే ఈ కట్టడి నాకు సబబుగానే తోచింది.

పర్మిట్‌కు ఆధార్, ఫొటోలతో పాటు మన పోలీస్ స్టేషన్ ఇచ్చే క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగారు. అమ్మ పేరు మీద కూడా అది తీసుకోవాల్సి వచ్చింది. విచారణకు కానిస్టేబుల్ ఇంటికొచ్చి వెళ్లగానే పక్కింటావిడ కంగారుగా వచ్చి, "ఏమక్కా, పోలీసులొచ్చినారంట?" అని అడిగింది. "ఓడెక్కి సముద్రంలోకి పోతాండాం, దానికే" అంది అమ్మ. వీధంతా వినబడేటట్టే చెప్పింది. సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా నాకు మాత్రం టెన్షనే.

మేం తీసుకున్నది అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ నడిపే 'సముద్రం' ప్యాకేజీ. పగలు దీవుల్లో తిరగడం, రాత్రికి మళ్లీ ఓడలో పడుకోవడం. వానాకాలంలో ఈ యాత్రలు ఉండవు, అక్టోబరు నుంచి మే మధ్యలోనే చూసుకోవాలి. కడపలో రైలెక్కి ఎర్నాకుళంలో దిగాం. చెనిక్కాయల పొడి డబ్బా లేకుండా అమ్మ ఎక్కడికీ కదలదు కాబట్టి అదీ మాతో వచ్చింది. కొచ్చి రేవులో మా ఓడ ఎం.వి. కవరత్తిని చూపించి, ఇది మన విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిందేనని చెప్పాక అమ్మకు ధైర్యం వచ్చింది.

కడుపులో తిప్పుతుందేమోనని డాక్టరును అడిగి మాత్ర తీసుకెళ్లాం. ఓడ కదలకముందే వేసుకుంటేనే అది బాగా పనిచేస్తుంది. ఊపు మొదలయ్యాక ఫోన్ పక్కన పెట్టి, దూరంగా ఆకాశం నీటిని తాకే గీతను చూస్తూ కూర్చుంటే చాలా తేలిక.

అసలు కష్టం దీవి దగ్గర పడవలోకి దిగడం. దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని లోపల లోతు తక్కువ. అందుకని ఓడ బయటే ఆగిపోతుంది, ప్రక్కనున్న తలుపులోంచి చిన్న పడవలోకి దిగాలి. అల వచ్చినప్పుడు పడవ మన కాళ్ల దాకా లేస్తుంది, మరుక్షణం మనిషెత్తు కిందకు పోతుంది. చీర కుచ్చెళ్లు బిగించి అమ్మ తలుపు దగ్గర నిలబడితే నాకు చేతులు చల్లబడ్డాయి. లోపలి నుంచి ఇద్దరు, పడవలోంచి ఇద్దరు ఆమె మోచేతులు పట్టుకున్నారు. పడవ పైకి లేచిన క్షణంలో సైగ చేశారు, ఆమె అడుగేసింది. అంతే. ఆ పడవ వాళ్ల నేర్పుకు దండం పెట్టాలి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు చెప్పులకు వెనక పట్టీ ఉండేలా చూసుకోండి, చేతుల్లో సంచీ ఉంచుకోవద్దు.

కల్పేనిలో 1847 తుపాను విసిరేసిన పగడపు రాళ్ల గట్టు ఇప్పటికీ ఉంది. మినికాయ్‌లో 1885 నాటి దీపస్తంభం చూశాం. అక్కడివాళ్లు మాట్లాడేది మహల్ అనే భాష, మిగతా దీవుల్లో వినబడే మలయాళం కాదు. కవరత్తి దీవిలో అద్దం అడుగున్న పడవలో అమ్మ చేపల్ని చూస్తూ ఎంతకీ తల ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఆమె చెప్పింది విని పిన్ని కూడా వెళ్తానంటోంది. పోలీస్ సర్టిఫికెట్‌కు ఆమె కాగితాలు ఇప్పుడే సర్దుతున్నాను.