అందరి శ్వాసా ఇరవయ్యే

నర్సింగ్ విద్యార్థిని నిజంగా చదువు వైపు తిప్పేది ఏమిటన్న విషయం మీద రెండు పేజీలు రాసి పంపమని మన నర్సింగ్ బ్యాచ్ సంచిక కమిటీ వారు ఉత్తరం పంపినప్పుడు, కింద సంతకం చేసిన వారిలో మన తొమ్మిదో రోల్ నంబరు అమ్మాయి కూడా ఉండటం చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. పరీక్ష ముందు రాత్రి తప్ప పుస్తకం తెరవనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఈ ప్రశ్న అడగడం ఆమెకే చెల్లింది.

ఎవరెందుకు చేరామో మొదటి వారంలోనే చెప్పేసుకున్నాం. ఉద్యోగం త్వరగా దొరుకుతుందని కొందరు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారని కొందరు, కోరుకున్న చదువులో సీటు రాక కొందరు వచ్చారు. సేవ చేయడానికి వచ్చామన్న ఇద్దరిని మిగిలిన వాళ్లమంతా కాస్త అనుమానంగానే చూశాం. చేరడానికి కారణమైనదే చివరిదాకా చదివిస్తుందని అప్పట్లో అనుకునేదాన్ని. అది నిజం కాదు. ఆ ఇద్దరిలో ఒకరు ఫిజియాలజీ తప్పారు (పేరు చెప్పను, ఇప్పుడు ఆవిడ నా కన్నా బాగా పాఠం చెబుతారు). ఇక మార్కుల భయమంటారా, అది యూనిట్ టెస్టు దాకా మోసుకెళ్లి, మర్నాడే కిందికి దించేసేది.

నన్ను చదివించినది వార్డులో మనకు పని నేర్పిన వాచీ మేడమ్. ఆవిడను వదిలి ఈ వ్యాసం రాయడం నా వల్ల కాదు, కాబట్టి మిగతా సంవత్సరాల సంగతి ఇంకెవరైనా రాసుకోవచ్చు.

మొదటి ఏడాది మెడికల్ వార్డులో మన టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చార్టులు ఎలా ఉండేవో మీకు తెలుసు. ఉష్ణోగ్రత చూసేవాళ్లం, నాడి సగం నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసేవాళ్లం, శ్వాస గడిలో మాత్రం మంచం వైపు చూడకుండానే 20 వేసేవాళ్లం. అందరి శ్వాసా ఇరవయ్యే. ఒక ఉదయం నా చార్టులో పదకొండు మంచాలకు పదకొండు ఇరవైలు నిలువునా బారులు తీరి ఉండగా, ఆవిడ ఆ గడుల మీద వేలితో పైనుంచి కిందికి ఒకసారి రాసి, ఒక్క మాట కూడా అనకుండా నన్ను ఏడో మంచం దగ్గరికి తీసుకువెళ్లారు. మంచం మీద ఉన్న పెద్దాయన మణికట్టు పట్టుకోమన్నారు. "నాడి చూస్తున్నట్టే ఉండు. శ్వాస లెక్కపెడుతున్నావని ఆయనకు తెలిస్తే లెక్క మారిపోతుంది. నిండు నిమిషం" అన్నారు, తన వాచీ నా ముందు పట్టుకుని.

ఆయన గళ్ల దుప్పటి ఎగసి పడటం మీదే కళ్లు నిలిపి లెక్కపెట్టాను. ఇరవై దాటినప్పుడు సెకన్ల ముల్లు ఇంకా నిమిషం పూర్తి చేయలేదు. 28. నమ్మలేక మళ్లీ లెక్కపెడితే మళ్లీ 28. జ్వరం లేదనే చెప్పాలి, రక్తపోటు మామూలుగానే ఉంది, ఆయన నన్ను చూసి నవ్వుతున్నారు కూడా. డ్యూటీ డాక్టరు వచ్చి, ఎవరు లెక్కపెట్టారని అడిగి, నా వైపు తిరిగి ఎంత అన్నారు. నా నోటి మాట మీద ఆక్సిజన్ పెట్టారు, ఎక్స్‌రే తీయించారు. న్యుమోనియా.

మేడమ్ తిట్టలేదు. సాయంత్రం వెళ్లబోతూ, "జ్వరం లేని మనిషికి శ్వాస ఎందుకు పెరిగింది? రేపు పొద్దున ఆయనకే చెప్పు, ఆయనకు అర్థమయ్యే మాటల్లో" అని వెళ్లిపోయారు. యూనిట్ టెస్టులో నేను పదికి మూడు తెచ్చుకున్న అధ్యాయమే అది. లైబ్రరీ తలుపులు వేసేదాకా కూర్చున్నాను. గాలి తిత్తుల్లో ద్రవం చేరితే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుందనీ, మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర ఉండే చిన్న గ్రాహకాలు ఆ లోటును పసిగట్టి, మెదడు కింది భాగంలో శ్వాసను నడిపే మెడుల్లాకు కబురు పంపుతాయనీ, మనిషి ప్రమేయం లేకుండానే ఛాతీ వేగం అందుకుంటుందనీ అంతకు ముందు కూడా చదివాను గానీ, ఈసారి ప్రతి వాక్యంలోనూ ఆ దుప్పటి కదులుతూనే ఉంది. మర్నాడు నేను చెప్పినదంతా విని ఆ పెద్దాయన, "అయితే నేను కంగారుపడి రొప్పడం కాదన్న మాట" అని ఊరట పడ్డారు.

పై చదువుల్లో మనస్తత్వవేత్తలు డెసీ, ర్యాన్ల స్వీయనిర్ణయ సిద్ధాంతం పాఠం వచ్చింది. స్వేచ్ఛ, సామర్థ్యం, తోటివారితో అనుబంధం తీరినప్పుడే మనిషి లోపలి నుంచి కదులుతాడని దాని సారాంశం. స్వేచ్ఛ దగ్గర నాకు పేచీ ఉండేది. దిండు గలీబు మూతి ఏ వైపు ఉండాలో కూడా మన చేతుల్లో లేని రోజులవి. కానీ ఆ సాయంత్రం ఏ పుస్తకం, ఎంతసేపు, ఎలా అన్నది పూర్తిగా నాకే వదిలేశారు. లెక్క సరిగ్గా కుదిరింది. డాక్టరు నన్ను వార్డులో మనిషిగా లెక్కేసి అడిగారు. మూడూ ఒక్క రోజులోనే దొరికాయి. 2012లో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే పసిగట్టే ముందస్తు హెచ్చరిక స్కోరును విడుదల చేసినప్పుడు, నిమిషానికి 25 శ్వాసలు, ఆపైన ఉంటే ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా మూడు పాయింట్లు వేయడం చూసి, చార్టు మీద మేడమ్ వేలు కదిలిన తీరు కళ్ల ముందు మెదిలింది.

దీపం వెలిగించి ప్రమాణం చేసిన రోజు మనలో సగం మంది ఏడ్చాం, ఫొటోల్లో ఉంది. ఆ దీపం గలావిడ ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలు లెక్కగట్టి, గాయాల కన్నా నివారించదగిన జబ్బులే ఎక్కువ మందిని చంపాయని 1858లో బొమ్మ గీసి చూపిందని మాత్రం వాచీ మేడమ్ చెప్పేదాకా తెలియదు. ఏడిపించినది దీపమే అయినా, నా చేత పుస్తకం తెరిపించినది మాత్రం ఆ లెక్కే.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను, పేరు ముందు డాక్టర్ అన్న మాట కూడా చేరింది, దానికి సిద్ధాంత గ్రంథం రాయవలసిందీ ఈ విషయం మీదే. పోయిన వారం మొదటి ఏడాది అమ్మాయి తెచ్చిన చార్టులో నాలుగో మంచానికి 20 అని ఉంది. లెక్కపెట్టావా అంటే పెట్టానంది. వెంటబెట్టుకుని వెళ్లి, మణికట్టు పట్టుకుని, నేనే నిండు నిమిషం లెక్కపెట్టాను. ఇరవయ్యే.

ఆ అమ్మాయికి సారీ చెప్పాను.