సంకెళ్లకు సిగ్గుపడనివాడు

మా చర్చిలో ఒక అక్క ఉంది, ఆమె కొడుకు ఏదో కేసులో చిత్తూరు జైల్లో ఉన్నాడు. అప్పట్నుంచి ఆమె పక్కన కూర్చునేవాళ్లు తగ్గిపోయారు, "ప్రార్థన చేస్తున్నాం అక్కా" అని గేటు దగ్గరే చెప్పేసి బండి స్టార్ట్ చేసేవాళ్లకు మాత్రం కొదవలేదు.

రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన ములాఖత్ రోజు ఆమెకు తోడు పోతాడు. ఆమె ఆధార్ జిరాక్స్ తన చొక్కా జేబులో మడిచి పెట్టుకుని, ఆమెను లోపలికి పంపి తను బయట ఎండలోనే నిలబడతాడు, వచ్చాక టీ తాగిస్తాడు, అంతే, వాక్యం కూడా చెప్పడు (అదే నాకు బాగా నచ్చింది).

ఆయన్ని చూస్తే బైబిల్లోని ఒనేసిఫోరు గుర్తొచ్చాడు. అపొస్తలుడు పౌలు రోమాలో ఖైదులో ఉంటే, ఆ సంకెళ్లకు సిగ్గుపడకుండా, ఎక్కడున్నాడో వెతికి వెతికి కలుసుకున్నాడు. ఆసియలో వాళ్లందరూ తనను వదిలేశారని పౌలు రాసింది కూడా అక్కడే, తిమోతికి రాసిన రెండో పత్రిక 1:15లో. అందుకే కాబోలు ఒనేసిఫోరు ఇంటివాళ్ల మీద కనికరం చూపమని ప్రభువును అంతగా అడిగాడు.

మా పరామర్శ టీమ్ ఆస్పత్రికైతే యాపిల్స్ పట్టుకుని పరుగెత్తుతుంది. మత్తయి 25:36లో రోగీ ఖైదీ ఒకే వచనంలో ఉన్నారు కదా, జైలు దాకా ఎందుకు రారో ఈ ఆదివారం మీటింగ్‌లో అడుగుతా.