గాల్వస్ మెట్ అక్కడ దొరకదు

"గాల్వస్ మెట్ డల్లాస్‌లో ఏ షాపులో కొనాలి?" అని పొద్దున్నే ఒక అక్క మెసేజ్.

ఏ షాపులోనూ దొరకదక్కా. ఈ షుగర్ మాత్రలో విల్డాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ అని రెండు మందులుంటాయి. విల్డాగ్లిప్టిన్‌కి అమెరికాలో అనుమతే లేదు. మెట్‌ఫార్మిన్‌కి ఢోకా లేదు. విల్డాగ్లిప్టిన్ బదులు సిటాగ్లిప్టిన్ లాంటిదేదో అక్కడి డాక్టరే రాయాలి. కొత్త పేషెంటుకి అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పడుతుంది, దిగగానే బుక్ చేసుకోండి.

అందాకా 90 రోజుల మందు పట్టుకెళ్లండి. అంతకు మించితే కస్టమ్స్‌లో ఆపొచ్చు. మాత్రలు ఊడదీసి డబ్బాలో పోయకండి. పూర్తి స్ట్రిప్పులే కొనండి, కత్తిరించిన ముక్క మీద చాలాసార్లు పేరూ ఎక్స్‌పైరీ ఉండవు.

డాక్టరు చీటీలో బ్రాండుతో పాటు అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో టైపు చేయించండి. ఆ గొలుసుకట్టు రాత మన మెడికల్ షాపాయనకే అర్థమవుతుంది!

ఇన్సులిన్ ఉంటే చేతిసంచిలోనే. చెకిన్ సామాన్లలో గడ్డకడితే ఇక పారేయాల్సిందే.